సైలెన్సర్: అర్థం, ప్రయోగం

ఆషాఢ శుద్ధ ద్వాదశి

తిథులు వేసి రాస్తున్నాను. ఈ ఊళ్ళో అడక్కుండానే తేదీ చెప్పే వస్తువులు అడుగడుక్కీ ఉన్నాయి. వాటి లెక్క నాకు అక్కర్లేదు.

పొద్దున్న నీళ్ళ టోకెన్ల వరసలో నుంచున్నాం. వెనకనుంచి గేదె ఈనుతున్నట్టు ఒక మూలుగు, దాని తోక పట్టుకుని టపాకాయల జడి. నా ముందున్న ఆవిడ ఉలిక్కిపడి, అప్పుడే నింపుకున్న బిందె వదిలేసింది. ఆవిడ ఇంటిల్లిపాదీ తాగాల్సిన నీళ్ళు రోడ్డు తాగింది. కారు ఆగలేదు. ఆపడం లోపలున్నవాడి చేతిలో ఉంటే కదా. కారు దానంతటదే పోతుంది. కూర్చున్న కుర్రాడు మాత్రం రాజ్యం గెలిచి వస్తున్నవాడిలా గడ్డం పైకెత్తుకుని ఉన్నాడు.

ఈ కార్లు పుట్టుమూగవి. పెట్రోలు పోయి కరెంటు వచ్చాక వీటికి గొంతన్నదే లేదు. పక్కనుంచి పోతే చీరకొంగు గోడకి రాసుకున్నంత అలికిడి కూడా ఉండదు. అలాంటిదానికి పనిగట్టుకుని బజారులో గొంతు కొని పొట్ట కింద కట్టిస్తున్నారు. ఒకడికి పులి, ఒకడికి రైలు, ఒకడికి పెళ్ళి బ్యాండు. నిన్న ఒకటి పసిపిల్లలా ఏడుస్తూ పోయింది. అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుందని, ఏమీ లేనిది ఎగిరెగిరి పడుతుందని మా అమ్మమ్మ అనేది. నేను చదివిన శాస్త్రాలన్నీ కలిపినా ఈ సంగతి అంతకంటే బాగా చెప్పలేదు.

ఆ అరుపు పెట్టెకి వీళ్ళు పెట్టుకున్న పేరు సైలెన్సర్.

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. నిఘంటు కార్యాలయంలో జీవితమంతా అరగదీసినవాణ్ణి, నాకు మాత్రం నవ్వు రాలేదు. నా చిన్నప్పటి పెట్రోలు బళ్ళకి వెనక ఒక గొట్టం ఉండేది, మోత తగ్గించడానికి. దాని పేరు సైలెన్సర్. కుర్రాళ్ళు దాన్ని కోయించి, లోపలి జాలీ పీకించి, చెవులు చిల్లులు పడేట్టు చేసుకునేవారు. "సైలెన్సర్ పెట్టించాడ్రా" అంటే మోత పెంచాడని. మాట అలా తలకిందులైంది. తర్వాత రహదారి చట్టాన్ని తెలుగులో రాసే సంఘంలో నేనూ ఉన్నాను, చిదంబరమూ ఉన్నాడు. 'శబ్దహారి' అని రాద్దామన్నాను. "గవర్రాజూ, జనం మాట రాయవయ్యా. నీ శబ్దహారిని ఇంటికి పట్టుకుపోయి పెరట్లో కట్టేసుకో" అన్నాడు. సంఘమంతా నవ్వింది. 'ప్రతి వాహనమునకు పనిచేయు సైలెన్సరు ఉండవలెను' అని చట్టంలోకెక్కింది.

పెట్రోలు పోయింది, ఆ వాక్యం ఉండిపోయింది. అరుపు పెట్టెలమ్మేవాళ్ళు అట్ట మీద ఇప్పుడు ఆ వాక్యమే అచ్చేస్తున్నారు. తనిఖీ యంత్రం సైలెన్సరు ఉందా అని చూస్తుంది, ఉందని ముద్ర కొడుతుంది. చిదంబరం పోయాడు. బతికుంటే మా ఎదురింట్లో కాపురం పెట్టించేవాణ్ణి.

ఆషాఢ బహుళ తదియ

మోత మీద నాకింత పగ ఎందుకో రాయాలి.

మాణిక్యం నా భార్య. ఆవిడ గొంతులో కంతి తీశారు, దాంతోపాటు గొంతూ పోయింది. మిగిలింది గుసగుస. ఎండు అరిటాకు నేలమీద జరిగినంత. కంతి మళ్ళీ వస్తోందనీ, ఈ గుసగుస కూడా దీపావళి దాకా నిలిస్తే గొప్పేననీ డాక్టరు చెప్పాడు. ఆవిడ ముందే చెప్పాడు. డాక్టర్లకి ఇప్పుడు గుమ్మం బయటికి పిలిచి చెప్పే మర్యాద లేదు.

మధ్యాహ్నం కార్లన్నీ ఎండ మేతకి పోతాయి. ఊరి బయట పలకల కింద నిలబడి కరెంటు మేస్తాయి. ఆ కాసేపే వీధి మూగది. ఆ కాసేపే మా మాటలు.

మాణిక్యం పుట్టింది మొగలిలంకలో. సముద్రం ఎగదన్నినప్పుడు గోదావరి లంకలన్నీ పోయాయి, అదీ పోయింది. మిగిలినవాళ్ళు ఈ మెట్టవరం ఎక్కి వచ్చారు. ఈ మధ్య ఆవిడ నాకు రోజుకొక లంక మాట చెబుతోంది.

"పోటు తెలుసు మీకు, పాటు తెలుసు. దొంగపోటు తెలుసా?"

"తెలీదు."

"నిఘంటువు రాసినాయన!" భుజాలు కదిలాయి. అదే ఇప్పుడు ఆవిడ నవ్వు.

దొంగపోటంటే అమావాస్యకీ కాక, పున్నానికీ కాక, గాలివాటున చప్పుడు చేయకుండా వచ్చి కోళ్ళగంప ఎత్తుకుపోయే నీరు. అడుగు పడితే వదలనిది అత్తబురద. అడుగు కిందనుంచి జారిపోయేది కోడలిసుక. ఇవేవీ ఏ నిఘంటువులోనూ లేవు. మాణిక్యం నోట్లో ఉన్నాయి.

"కాగితం ఇస్తాను, రాసి పెట్టకూడదూ?" అన్నాను.

"రాస్తే మీరు దిద్దుతారు."

ఇవాళ ఇంకొకటి మొదలుపెట్టింది. "ఆఖర్న వచ్చిన నీటికి కూడా మావాళ్ళు పేరు పెట్టారండీ. వచ్చి ఇంక వెనక్కి పోలేదే, ఆ నీటికి. మా దొడ్డమ్మ పడవెక్కుతూ అంది. అందరూ ఏడుస్తూ నవ్వారు. ఏమందంటే..."

కింద పులి గాండ్రించింది. దాని వెనక రైలు.

"ఏమిటీ?"

మళ్ళీ చెప్పింది. పెళ్ళి బ్యాండు పోయింది.

"ఏమిటే?"

మూడోసారి గుటక వేసి చెయ్యి ఊపింది. రేపు అని.

కిటికీలోంచి చూస్తే మా వీధి చివర కొత్తగా పలకలు నిలబెడుతున్నారు. మేత ఇకమీద ఇక్కడేనట. మధ్యాహ్నాలు కూడా పోయాయన్నమాట.

శ్రావణ శుద్ధ పంచమి

కిటికీ సందుల్లో దూది కుక్కాను. దుప్పట్లు కట్టాను. ఇద్దరం తలుపులేసుకుని కొట్టుగదిలో బియ్యం డబ్బాల మధ్య కూర్చున్నాం. మోత గోడల్లోంచి వస్తుంది, నేలలోంచి పళ్ళలోకి వస్తుంది. మాణిక్యం నోరు కదులుతుంది, నేను చెవి దగ్గర పెడతాను, నాకు వినిపించేది ఎవడిదో రైలు.

మా కింది వాటాలో ఉండేది అబ్బులు, కారు డ్రైవరు. వీధిలో అందరికంటే పెద్ద మోత వాడిదే, డుగుడుగుమని. ఇవాళ మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"ఒరే అబ్బులూ, ఆ పెట్టె పీకేస్తావా, నన్ను పీకమంటావా?"

"మీరు పీకుతారేంటండీ మేష్టారూ, దానికి పానా కావాలి. మీ దగ్గర పెన్నే కదండీ ఉంటాది."

"ఇంట్లో జబ్బు మనిషి ఉందిరా."

"తెల్సండి. అమ్మగారి కోసం మన గుమ్మంలో ఆపేత్తన్నాను కదండి. ఊరంతటిచేతా మూగనోము పట్టిత్తారా ఏంటి?"

"పట్టిస్తాను. ఆ చట్టంలో మాట తప్పు పడింది. దిద్దిస్తాను. అర్జీ పెట్టాను."

వాడు నా వంక జాలిగా చూశాడు. "మాట దిద్దితే మోత ఆగుద్దాండీ?"

"ఆగుతుంది. చట్టంలో ఉన్నది మాటలే."

"అయితే మరి ఆయ్, కానివ్వండి," అని వెళ్ళిపోయాడు. గుమ్మం దాటాక డుగుడుగు మొదలెట్టాడు.

శ్రావణ పౌర్ణమి

మాణిక్యాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. వేరే కారు దొరక్క అబ్బులు కారే ఎక్కాం. ఆవిణ్ణి చూసి వాడు సైలెన్సరు కట్టేశాడు. అప్పుడు మొదటిసారి ఆ కారు గొంతు విన్నాను. సొంత గొంతు.

"అబ్బులు గారూ, శుభోదయము. వీపాన్పునకు నిటారుగా ఆనుకొనగలరు. నిన్నటికంటె మీ ముఖమున విసుగు హెచ్చినది. మీ సంభాషణము సేవాప్రమాణ నిమిత్తము ఆలకింపబడుచున్నది."

వీపాన్పు. సీట్లో వీపు ఆనించే పలకకి ఆ మాట కట్టింది నేను. నిఘంటువులో పెట్టాక ఇన్నేళ్ళలో ఒక్క మనిషి నోట వినలేదు. ఇవాళ కారు నోట విన్నాను. దానికి తెలుగు మా నిఘంటువులోంచే పోశారు.

"రోజంతా ఇంతేనా?" అన్నాను.

"ఇంతేనండి. మీరిప్పుడు 'ఇంతేనా' అన్నారు కదండి, అది కూడా రాసుకుంటాది."

మలుపు దగ్గర మాణిక్యం గుసగుసగా అంది: "మొగలిలంక రేవు దగ్గర కూడా ఇలాగే మలుపుండేది." కారులో మోత లేదు కాబట్టి నాకు వినిపించింది. ఎన్నాళ్ళకో. నేను నోరు తెరిచేలోపే కారు అందుకుంది.

"మొగలిలంక అను జనావాసము నమోదులలో లేదు. ప్రయాణికురాలు పొరబడియుండవచ్చును. సమీపమున మొగలి అత్తరు దుకాణము కలదు. మళ్ళించమందురా?"

మాణిక్యం ముఖం చూడలేకపోయాను. పెళ్ళినాటి నుంచి నేను ఎన్నో అన్నాను కానీ, నువ్వు పుట్టిన ఊరే లేదని అనలేదు.

అబ్బులు కాలితో ఏదో తన్నాడు. డుగు డుగు డుగు డుగు. కారంతా వణికింది. కారు గొంతు మునిగిపోయింది. మాణిక్యం చటుక్కున నిటారుగా కూర్చుంది, ముందుకి వంగి వాడి భుజం తట్టింది. వాడు స్టీరింగు లేని ఆ సీట్లో మొత్తం వెనక్కి తిరిగిపోయాడు. ఆవిడ పెదవులు కదిపింది. వాడు నవ్వుతూ అరిచాడు:

"అవునండీ! రేవు దాటించే పంటు ఇంజినేనండి! మా నాన్న నడిపినదండి! మాది మీ పక్కలంకేనండి పిన్నిగారూ!"

అమ్మగారు పిన్నిగారైంది. ఆవిడ మాట్లాడుతూనే ఉంది. ఆ మోతలో గొంతు లేని మనిషి మాట్లాడుతుంది, వాడు ఆవిడ నోటివంక చూస్తూ జవాబులిస్తున్నాడు. ఒకచోట ఆవిడ ఏదో చిన్న మాట అంది. వాడు పగలబడి నవ్వాడు. అంతలోనే మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

నాకు తెలిసిపోయింది. దొడ్డమ్మ పడవెక్కుతూ అన్న మాట. వాళ్ళిద్దరి మధ్యనుంచి, నా ముక్కు ముందునుంచి పోయింది. నాకు పంటు ఇంజిను వినబడింది.

శ్రావణ బహుళ అష్టమి

"ఆరోజు వాడికేం చెప్పావు?" అని మాణిక్యాన్ని అడిగాను. నా చెవిలో నోరు పెట్టి చెప్పింది. బయట పులి పోతోంది కాబట్టి ముక్కలు ముక్కలుగా వినబడింది: "చెప్పలేదు. అతను చూశాడు."

సాయంత్రం అబ్బులు మెట్ల మీద కూర్చుని కాళ్ళు ఒత్తుకుంటుంటే పక్కన కూర్చున్నాను. వాడితో మాట్లాడాల్సిన గతి పట్టింది.

"నోరు చూసి మాట ఎలా పోల్చుకుంటావురా?"

"పంటు మీద ఇంజిను పక్కన పుట్టినోణ్ణండి. అక్కడ ఇనపడేదేంటండి ఇంకా. అమ్మ అన్నానికి పిల్చినా నోరు చూసే వొచ్చేవోళ్ళం. కట్టమేం కాదండి. మీరు పుత్తకం చూసినట్టు పిన్నిగారి మొహం చూడండి, నెలకి వొచ్చేత్తాది."

నేను ఆ మాట పట్టించుకోలేదు. "సరే, ఆ పెట్టె ఎందుకు పెట్టించావు? ఎవరికి వినిపిద్దామని?"

"ఎవుడికీ కాదండి."

"ఎవుడికీ కాకపోతే ఊరికి ఎందుకురా ఈ శిక్ష?"

వాడు అటూ ఇటూ చూశాడు. మధ్యాహ్నం మేతకి పోయిన కారు ఇంకా తిరిగి రాలేదు. "మేష్టారూ, నేను డ్రైవర్ని కాదండి. గుద్దేత్తే పట్టుకోడానికి ఒక మనిషి ఉండాలని కూచోబెట్టారు. పూచీకత్తునండి నేను. అది నడుపుకుంటాది, దారి అదే చూసుకుంటాది. నేను ఆవులిత్తే మార్కు కోత్తాది, మా ఆవిడతో ఫోన్లో మాటాడితే కోత్తాది. మొన్న మా సత్తిగాడు 'ఛీ, ఈ బతుకు' అన్నాడండి, వోరం రోజులు పని లేదు. ఇది పెట్టించాక దానికి ఇనపడదండి. మేం ఏమనుకున్నా మాదే. ఊరికి ఇనపడాలని కాదండి మోత, దానికి ఇనపడకుండా. నోరూ మూయించలేం, చెవైనా మూయాలి కదండీ."

"అందరూ అందుకేనా?"

"అందరూ ఎందుకండి. కుర్రనాకొడుకులు కొందరు జోరు కోసం పెట్టిత్తారు. అయినా మేష్టారూ, ఆళ్ళ కారుకీ చెవులున్నాయి కదండీ. పులి కూతే తప్ప ఆళ్ళది అన్నది అందులో ఇంకేం ఉందండి?"

ఇన్నాళ్ళూ ఆ మాట తలకిందులైందనుకున్నాను. అవ్వలేదు. సైలెన్సర్ అంటే నోరు మూయించేదే. ఎవరి నోరన్నదే నేను తప్పు చదివాను. చదువుకున్నవాడికి దొరికే ఆనందాల్లో ఇదొకటి, ఒక మాట తాళం విడిపోవడం. ఆ మెట్ల మీద, ఆ మోతలో, క్షణకాలం సంతోషంగా ఉన్నాను. అది ఒప్పుకుంటాను.

లేవబోతుంటే వాడు అన్నాడు: "పిన్నిగారు ఆ నీటి పేరు చెప్పారండి. ఏం మాటండీ బాబూ! మీకు తెల్సు కదండీ?"

డ్రైవరు దగ్గర నా భార్య మాట అరువు తెచ్చుకోవాలా?

"తెలుసు," అన్నాను.

"మరింకేం," అన్నాడు వాడు.

భాద్రపద శుద్ధ సప్తమి

ఇవాళ నా అర్జీ మీద రహదారి కార్యాలయంలో విచారణ. గుసగుస రోజురోజుకీ పలచబడుతోంది. ఇవాళ గెలవకపోతే ఇంక గెలిచి లాభం లేదు.

అధికారిణి నడివయసు మనిషి. పెట్టెలమ్మేవాళ్ళ తరఫు ప్లీడరు కుర్రవాడు, చిదంబరానికి మనవడు కావలసినంత పోలిక ఉంది, అదే వంకర నవ్వు.

"మాస్టారూ, సైలెన్సర్ అనే మాటకి జనం వాడుకలో అర్థం ఏమిటండీ?"

"జనం వాడుక తప్పు."

"మీ నిఘంటువు పీఠికలోదే చదువుతున్నానండి. 'జనులు ఏ అర్థమున వాడుదురో అదియే అర్థము.' ఇది మీ పుస్తకమేనా?"

"ఆ పీఠిక చిదంబరం రాశాడు."

"సంతకం మీదీ ఉందండి."

వెనక బల్లల మీద పెట్టెలమ్మేవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నాకు పాత పరిచయం. సంఘంలో శబ్దహారి అన్ననాడు విన్నదే.

"జనం అర్థమే చెబుతాను, రాసుకోండి," అన్నాను. "సైలెన్సర్, నామవాచకం. మోత పెంచేది అని మీరనుకుంటున్నారు, కాదు. నోరూ చెవీ మూయించేది. ఎవరివి? కారువి. కారు తమ మాటలు ఆలకించకుండా డ్రైవర్లు దాని చెవికి పెట్టే అడ్డు. మోత దాని లక్షణం మాత్రమే, ప్రయోజనం కాదు. కనుక అది చట్టం కోరిన సైలెన్సరు కానే కాదు."

నవ్వు ఆగింది. అధికారిణి కళ్ళద్దాలు సర్దుకుని ముందుకి వంగింది.

"దీనికి ఆధారం ఏమిటండీ?"

మా పనిలో ఒక నియమం ఉంది. ప్రయోగం చూపకుండా అర్థం చెప్పకూడదు. ఎవరు అన్నారు, ఎక్కడ అన్నారు, అన్న మాట అన్నట్టు. ఆ మూడూ లేని అర్థాన్ని నేను ఒక్కనాడూ అచ్చుకి పోనివ్వలేదు. చిదంబరం పంపిన ఎంట్రీలు అందుకే వెనక్కి కొట్టేవాణ్ణి.

"ప్రయోగం: 'ఊరికి ఇనపడాలని కాదండి మోత, దానికి ఇనపడకుండా.' అబ్బులు, డ్రైవరు, మా కింది వాటా, మెట్టవరం."

అన్నాక గది ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలిసింది. అధికారిణి పెన్ను కదులుతున్న చప్పుడు వినబడుతోంది.

ఇంటికొచ్చి మాణిక్యానికి గెలిచానని చెప్పాను. ఎలా గెలిచారు అన్నట్టు చూసింది. చెప్పాను. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది.

భాద్రపద బహుళ ఏకాదశి

ఉత్తర్వు వచ్చింది. ఊరు మోతతో చస్తుంటే ఇన్నేళ్ళు కదలని కార్యాలయం, కారు చెవికి అడ్డం పడుతున్నారనగానే పరుగెత్తింది. వీధి చివర బల్లవేసి పెట్టెలు పీకుతున్నారు. 'ఆలకింపునకు అంతరాయము కలిగించు సాధనములు' అని రాశారు. ఆలకింపు కూడా నేను కట్టిన మాటే. వ్యాకరణ దోషం ఒక్కటి లేదు ఉత్తర్వులో.

జోరు కోసం పెట్టించిన కుర్రాళ్ళకి జరిమానాతో సరి. తెలిసి చెవి మూసినవాళ్ళకి డ్రైవరు బిళ్ళ రద్దు, ఊళ్ళో ఉండే హక్కు రద్దు. ఆ జాబితాలో మొదటి పేరు అబ్బులు. ఆధారంలో మొదటి పేరు కాబట్టి.

పొద్దున్న అబ్బులు వాళ్ళు సామాన్లు సరుకుల బండిలోకి ఎక్కిస్తున్నారు. ఎగువన రాతి క్వారీల్లో పని దొరుకుతుందట. నేను వసారాలో నుంచున్నాను, మాణిక్యం నా వెనక కుర్చీలో. వాడు పరుపుచుట్ట భుజాన పెట్టుకుని పైకి చూశాడు.

"మేష్టారూ! నా పేరు అచ్చులో పడిందంటగా!"

నేను తల తిప్పి వీధి చివరి బల్ల వంక చూశాను.

"మా ఇంటావంటా ఎవుడిదీ పళ్ళేదండి. మా ఆవిడికి చూపించాను. సదువుకున్నోళ్ళతో మాటాడమాకు అని అదెప్పుడో చెప్పిందండి నాకు."

నా నోటి చివరిదాకా వచ్చింది. ఒరే, ఆ మాట ఏమిటిరా, ఆ నీటి పేరు, ఒక్కసారి చెప్పి పో. అడిగితే మెట్ల మీద నేనాడింది అబద్ధమని వాడికి తెలుస్తుంది. వాడి పేరు రాజ్యానికంతటికీ తెలిసేట్టు చేసినవాణ్ణి, నా చిన్న అబద్ధం ఒక్కటి వాడికి తెలియకూడదని నోరు మూసుకున్నాను.

వాడు నన్ను దాటి మాణిక్యం వంక చూశాడు. పెదవులు మాత్రం కదిపాడు. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ పెదవులూ కదులుతున్నాయి. ఇద్దరికీ మధ్య నేను, మళ్ళీ. ఈసారి మోత కూడా లేదు. బండి కదిలింది, చప్పుడు చేయకుండా. దొంగపోటులా.

ఆశ్వయుజ శుద్ధ విదియ

వీధి మూగదైంది. దూది పీకేశాను, దుప్పట్లు విప్పేశాను. కిటికీలు బార్లా తెరిచి మాణిక్యం కుర్చీ దగ్గర కూర్చున్నాను.

"ఇప్పుడు చెప్పు," అన్నాను.

పెదవులు కదిలాయి. ఏమీ రాలేదు. చెవి పెట్టాను, వెచ్చటి ఊపిరి తగిలింది. అరిటాకు చప్పుడు లేదు. మొన్న రాత్రి దాకా ఉందనుకుంటాను. డాక్టరు చెప్పిన దీపావళి ఇంకా రానే లేదు.

వీధిలోంచి చెదపురుగుల్లా మాటలు వస్తున్నాయి. ప్రతి కారులోంచీ సన్నగా, మర్యాదగా. "నిటారుగా ఆనుకొనగలరు." "విసుగు హెచ్చినది." "ఆలకింపబడుచున్నది." ఇన్నాళ్ళూ ఆ మోతల కింద ఇది ఉందన్నమాట. నా తెలుగు. నేను కట్టి, ఎవరూ వాడక ఎండిపోయిన మాటలన్నీ ఊరేగుతున్నాయి. లోపల కూర్చున్నవాళ్ళలో ఒక్కడూ నోరు విప్పడం లేదు.

ఆశ్వయుజ శుద్ధ ద్వాదశి

క్వారీలకి మనిషిని పంపాను. అబ్బులు అనేవాడు వచ్చాడట, పోయాడట. ఎటు పోయాడో చెప్పేవాడు లేడు. బిళ్ళ లేనివాడు నమోదులలో ఉండడు. మొగలిలంక లాగే.

ఆశ్వయుజ బహుళ నవమి

మధ్యాహ్నం మాణిక్యం ముందు కాగితం పెట్టి, పెన్ను చేతికిచ్చాను. "దిద్దను. ఒట్టు," అన్నాను.

పెన్ను కాసేపు పట్టుకుంది. తర్వాత నా చేతిలో పెట్టి, కాగితం నావైపు తిప్పింది. రెండు వేళ్ళతో నా గడ్డం పట్టుకుని, చెవి దగ్గరికి పోబోతున్న నా తలని ఆపి, ముఖం తనకి ఎదురుగా పెట్టింది. చూడమని.

చెప్పింది. నెమ్మదిగా, పిల్లలకి చెప్పినట్టు. నాకు తెలిసిన వ్యాకరణంలో పెదవులు కలిసే అక్షరాలు అయిదే, పఫబభమ. మిగతావన్నీ నోటి లోపలే పుట్టి లోపలే అయిపోతాయి, కంటికి కనబడవు. అబ్బులుకి కనబడతాయి. నాకు ఆ అయిదే. అందులోనూ ఏది బ, ఏది మ అన్నది గొంతు తేలుస్తుంది కానీ పెదవి తేల్చదు.

మళ్ళీ, అన్నాను. మళ్ళీ చెప్పింది. భుజాలు కదిలాయి, ఆ మాటకి ఆవిడకి ఇంకా నవ్వొస్తోంది. కళ్ళు తడిశాయి, ఏడుపూ వస్తోంది. ఇంకోసారి అన్నాను. అలిసిపోయి కళ్ళు మూసుకుంది. నా గడ్డం మీద వేళ్ళు అలాగే ఉన్నాయి.

చూసింది చూసినట్టు రాసి పెడుతున్నాను. బ, మ అన్నవి నా అంచనా.

— బ — — మ్మ —

అర్థం: వచ్చి తిరిగి వెళ్ళని నీరు.

ప్రయోగం: మాణిక్యం, మొగలిలంక. అబ్బులు, డ్రైవరు, మా కింది వాటా, ఇప్పుడు లేడు.

దిద్దడానికి ఇందులో ఏమీ లేదు.